వడపళనిలో ఆసుపత్రికీ మాల్‌కీ ‘విజయా’ పేరెందుకు?

చెన్నైకి కొత్తగా వచ్చిన మనవాళ్లు తరచూ అడిగే ప్రశ్నే ఇది. రెండూ ఒకప్పటి విజయా-వాహినీ స్టూడియో వారసత్వమే.

కడప జిల్లా పొట్టిపాడుకు చెందిన అన్నదమ్ములు బి.ఎన్.రెడ్డి, బి.నాగిరెడ్డి. వాహినీ స్టూడియో వెనుక ఉన్నది అన్న బి.ఎన్.రెడ్డి, మూలా నారాయణస్వామి ఇద్దరూ. నాగిరెడ్డి తెనాలి చక్రపాణితో కలిసి విజయా సంస్థ పెట్టారు. ‘పాతాళభైరవి’ (1951), ‘మాయాబజార్’ (1957) వీళ్లవే. తర్వాత వాహినీ కూడా నాగిరెడ్డి చేతికొచ్చి రెండు పేర్లూ కలిసిపోయాయి. ఆసియాలోనే అతిపెద్ద స్టూడియోల్లో ఒకటని అప్పట్లో గొప్పగా చెప్పుకునేవారు. 1947లో మొదలైన ‘చందమామ’ పత్రిక కూడా ఈ జోడీదే. నన్నడిగితే సినిమాల కన్నా అదే పెద్ద పని!

విజయా ఆసుపత్రిని నాగిరెడ్డే 1972లో కట్టించారు. తెలుగు సినిమా మెల్లగా హైదరాబాద్‌కు తరలిపోవడంతో ఇక్కడ షూటింగ్ ఫ్లోర్లకు గిరాకీ తగ్గింది. ఆ స్థలంలో కొంత 2013లో మాల్ అయింది. అన్నదమ్ములిద్దరికీ దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు వచ్చిందన్న సంగతి మాత్రం ఆ మాల్‌కి వెళ్లే మనవాళ్లలోనే చాలామందికి తెలియదు.