బొమ్మలేసే అమ్మాయికి త్రీడీ మోడలింగ్ సరైన దారేనా?

ప్రశ్న: మా అమ్మాయి బొమ్మలు బాగా గీస్తుంది. వాటిని కంప్యూటర్‌లో త్రీడీ మోడళ్లుగా మలిచే పని నేర్చుకుంటానంటోంది. ఏఐ వచ్చాక ఈ పని మిగులుతుందా? జీతాలెలా ఉంటాయి? యానిమేషన్ మేలా, ప్రొడక్ట్ డిజైన్ మేలా? - ఒక తండ్రి

జవాబు: బొమ్మలు నమ్ముకుంటే బతకగలదా అన్నదే మీ అసలు టెన్షన్. బతకగలదు. అయితే ఆ పనేమిటో ముందు మీకు తెలియాలి.

కాగితం మీది గీతకు లోతు ఉండదు. ఒకే బొమ్మకు సరిపోయే ఆకారాలు లెక్కలేనన్ని. అందులో ఏది కావాలో తేల్చేది మనిషే. ఒక మౌస్‌నే తీసుకోండి. పైవంపునూ పక్కవంపునూ సందు లేకుండా అతికించడం తేలికే. కానీ రెండింటి ఒంపు తీరు కలవకపోతే, మౌస్ మీద పడిన వెలుగు ఆ అతుకు దగ్గర టక్కున విరుగుతుంది. అందుకే మోడల్ మీద జీబ్రా చారలు వేయించి పరీక్షిస్తారు. చార విరిగితే వంపులను మళ్లీ సరిచేయాల్సిందే. బొమ్మలు గీసి చేయి తిరిగిన పిల్లలకు ఆ విరుపు త్వరగా కనిపిస్తుంది.

ఫొటో ఇస్తే మోడల్ చేసిచ్చే ఏఐ టూల్స్ మీద ఇప్పుడు అందరికీ మోజు. నాకు మాత్రం అనుమానాలున్నాయి. ఫొటోలో లేని వెనకవైపును అవి ఊహించి నింపుతాయి. మెష్, అంటే మోడల్ ఉపరితలాన్ని అల్లే చిన్న పలకల వల, గజిబిజిగా వస్తే పాత్ర కాలు మడవగానే మోకాలు నలిగిపోతుంది. ఒక్క గీతను ఉబ్బించి బొమ్మ చేయడం 1999లోనే ‘టెడ్డీ’ అనే ప్రోగ్రామ్ చేసి చూపించింది. డిజైనర్ మనసులోని వంపును పట్టుకోవడం అంతకంటే చాలా కష్టం. అలాగని మీకు అబద్ధం చెప్పను: నేపథ్యంలో కనిపించే చిన్నాచితకా వస్తువుల మోడళ్ల పని తగ్గుతుంది. సాఫ్ట్‌వేర్‌లో ఏ బటన్ నొక్కాలో మాత్రమే నేర్పే కోర్సులతో వచ్చే ప్రమాదం అదే.

ఇంకో మాట, కటువుగా ఉన్నా వినండి. జీతం అడిగారు, ఏఐ అడిగారు. అమ్మాయి ఏం గీస్తుందో ఒక్క ముక్క రాయలేదు. ఆ నోటుపుస్తకం తెరిచి చూశారా? మనుషులు, జంతువులు ఎక్కువుంటే యానిమేషన్ వైపు పంపండి. వాహనాలు, వస్తువులు ఎక్కువుంటే ప్రొడక్ట్ డిజైన్ నయం, కాకపోతే అక్కడ మిల్లీమీటరు తేడా వచ్చినా ఒప్పుకోరు.

బ్లెండర్ అనే త్రీడీ మోడలింగ్ సాఫ్ట్‌వేర్ ఉచితమే. తన బొమ్మల్లో ఒకదాన్ని అందులో మోడల్ చేయమనండి. మొదటిది వంకరగా వస్తుంది, భయపడకండి. రెండోది తనంతట తానే మొదలుపెడితే, కోర్సు ఫీజు గురించి అప్పుడు మాట్లాడుకుందాం.