పంపింగ్ తగ్గిన నాన్నని నడిపించాలా, పడుకోబెట్టాలా?

ప్రశ్న: మాది చీపురుపల్లి. నాన్నకి 72 ఏళ్లు. నెల కిందట ఆయాసం, కాళ్ల వాపు వస్తే విజయనగరంలో ఆస్పత్రిలో చేర్చాం. హార్ట్ ఫెయిల్యూర్ అన్నారు, అంటే గుండె ఒంటికి సరిపడా రక్తం పంప్ చేయలేకపోతోందట, పంపింగ్ 30 శాతమే ఉందట. వాపు తగ్గాక మందులు రాసి ఇంటికి పంపేశారు గానీ నడవాలో వద్దో ఎవరూ చెప్పలేదు. పొద్దస్తమానం పొలం గట్ల మీద తిరిగే మనిషి ఇప్పుడు మంచం దిగడం లేదు. అమ్మ మంచినీళ్లు కూడా చేతికే అందిస్తోంది. బాత్రూంకి వెళ్లొస్తే కాళ్లు వణుకుతున్నాయి. అన్నయ్య రోజూ కిలోమీటరు నడిపిద్దామంటాడు, చూడటానికొచ్చినవాళ్లు గుండె మనిషిని కదపొద్దంటున్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు: ఇద్దరి మాటా వద్దమ్మా. నాన్నగారు కదలాలి, అది ఖాయం. కానీ మొదలుపెట్టాల్సింది కిలోమీటరుతో కాదు, కుర్చీలోంచి లేవడంతో.

ముందు ఆ 30 శాతం సంగతి చెబుతాను, ఎందుకంటే చాలా ఇళ్లలో టెన్షన్ అంతా ఆ అంకె దగ్గరే. గుండె ఒక్కసారి కొట్టుకున్నప్పుడు ఎడమ గదిలో ఉన్న రక్తంలో ఎంత భాగం బయటికి పంపుతోందో ఆ అంకె చెబుతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి కూడా అది 55 నుంచి 70 మధ్యే ఉంటుంది, నూటికి నూరు ఎవరికీ ఉండదు. కాబట్టి 30 అంటే తక్కువే, జాగ్రత్తగా ఉండాల్సిందే, కానీ ఇంక మంచానికే పరిమితం అని దానర్థం కాదు.

కాళ్లు వణకడానికి గుండె ఒక్కటే కారణం కాదు. పెద్ద వయసులో కొన్నాళ్లు మంచం మీద ఉంటే చాలు, తొడల్లో కండ కరిగిపోతుంది. కండ బలం తగ్గితే చిన్న పనికే ఆయాసం వస్తుంది, ఆ ఆయాసం చూసి ఇంట్లోవాళ్లు భయపడి మళ్లీ పడుకోబెడతారు, దాంతో ఉన్న బలం కూడా పోతుంది. 2021లో అమెరికాలో, హార్ట్ ఫెయిల్యూర్ ముదిరి ఆస్పత్రిలో చేరిన 60 ఏళ్లు దాటినవాళ్లు 349 మందిపై చేసిన అధ్యయనం వివరాలు వచ్చాయి. కొందరికి ఒంటి బలం, బ్యాలెన్స్, లేచి తిరగడం, నడక, నాలుగూ వాళ్ల ఓపికని బట్టి నేర్పించారు. మూడు నెలలకి మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్లకంటే వీళ్లు బాగా లేవగలిగారు, నడవగలిగారు. మళ్లీ ఆస్పత్రిలో చేరే అవసరం మాత్రం చెప్పుకోదగ్గంత తగ్గలేదు, అదీ చెప్పాలి. కానీ తన పని తను చేసుకోగలగడం చిన్న విషయమా?

డాక్టరుగారికి ఒకసారి చూపించి, ఊరికే కూర్చున్నప్పుడు ఆయాసం లేదు, వాపు అదుపులో ఉంది అని ఆయన అన్నాక మొదలుపెట్టండి. చేతులున్న బరువైన కుర్చీని గోడకి ఆనించి వేయండి, ప్లాస్టిక్ కుర్చీ వద్దు, నున్నటి గచ్చు మీద జారుతుంది. నాన్నగారు కుర్చీ అంచుకి జరిగి, పాదాలు మోకాళ్ల కిందికి లాక్కుని, కాస్త ముందుకి వంగి, కుర్చీ చేతుల మీద బరువు వేసి ఊపిరి వదులుతూ లేవాలి. ఊపిరి బిగబట్టకూడదు. కూర్చునేటప్పుడు ధబీమని పడిపోకుండా మెల్లగా దిగాలి, బలం వచ్చేది అక్కడే. మొదట్లో ఐదుసార్లు చాలు, పూటకోసారి. తర్వాత కిటికీ ఊచలు పట్టుకుని మడమలు ఎత్తి దించడం. నడక ఇంట్లోనే, మూడు నాలుగు నిమిషాలు నడిచి కూర్చుని, మళ్లీ నడవడం. ముందు నిమిషాలు పెంచండి, వేగం సంగతి తర్వాత.

ఎంత చేస్తే ఎక్కువో తెలియాలంటే పక్కన నడుస్తూ కబుర్లు చెప్పించండి. వాక్యం మధ్యలో ఊపిరి కోసం ఆగుతుంటే నెమ్మదించాలి. నాడి లెక్కపెట్టి తేల్చకండి, గుండె వేగాన్ని తగ్గించే మాత్రలు ఇచ్చి ఉంటే ఆ లెక్క కుదరదు. నీటి మాత్రలు, అంటే ఒంట్లో చేరిన నీటిని మూత్రంలో పోగొట్టేవి, వాడేవాళ్లకి గబుక్కున లేస్తే కళ్లు తిరుగుతాయి, అందుకని మంచం అంచున ఒక నిమిషం కూర్చున్నాకే లేపండి. మన వైపు ఉక్కలో చెమట ఆరదు, కాబట్టి ఎండెక్కకముందే నడక అయిపోవాలి. భోజనం చేసిన వెంటనే వద్దు.

రోజూ పొద్దున్నే, బాత్రూంకి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు బరువు చూసి క్యాలెండర్ మీద రాయండి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది ఒంటికి పట్టిన కండ కాదు, నీరు. చీలమండ దగ్గర బొటనవేలితో నొక్కి చూడండి, గుంట పడి అలాగే ఉంటే నీరు చేరినట్టే. అలాంటప్పుడు వ్యాయామం ఆపి అదే రోజు డాక్టరుకి ఫోన్ చేయాలి. ఛాతీలో నొప్పి వచ్చినా, స్పృహ తప్పినా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా 108కి ఫోన్ చేయండి, తెల్లారేదాకా ఆగొద్దు.

ఇంకో మాట, ఇది చాలామంది చేసే పొరపాటు. నడక మొదలుపెట్టగానే మోకాళ్లు నొప్పెడతాయి, షాపులో అడిగి నొప్పి మాత్ర తెచ్చి వేసేస్తారు. వాటిలో చాలా మాత్రలు ఒంట్లో నీరు నిలిచేలా చేస్తాయి, కిడ్నీలకీ చెడ్డవి. డాక్టరుని అడగకుండా ఒక్కటి కూడా వద్దు. ఆవకాయ, ఎండు చేపలు కూడా పక్కన పెట్టాల్సిందే, ఆ ఉప్పు నీటిని పట్టేస్తుంది.

అమ్మగారిది ప్రేమే, ఆవిడని ఏమీ అనకండి. మంచినీళ్ల చెంబు మాత్రం మంచం పక్క నుంచి తీసి ఎదురు గోడ దగ్గర బల్ల మీద పెట్టమనండి. డాక్టరు రోజుకి ఎన్ని నీళ్లు తాగమన్నారో అన్నే అందులో పోసి, తాగాలనిపించినప్పుడు ఆయన్నే లేచి వెళ్లనివ్వండి, ఆవిడ పక్కన నడిస్తే చాలు. పొలం గట్టు సన్నం, తడిస్తే జారుతుంది. వీధిలో పది నిమిషాలు మాట్లాడుతూ నడిచి, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచిన రోజున, అన్నయ్యని తోడిచ్చి అక్కడికి పంపండి.