హైడ్రేట్ పేరు చూసి కాదు, బంకమట్టి పని నేర్చుకోవడానికి చేరమనండి

"మా అమ్మాయి ఎమ్మెస్సీ జియాలజీ ఫైనలియర్. సముద్రం అడుగున మీథేన్ హైడ్రేట్‌కీ బంకమట్టికీ ఉన్న సంబంధం మీద పీహెచ్‌డీ చేస్తానంటోంది. మట్టి మీద అయిదేళ్లు పెడితే ఉద్యోగం వస్తుందా?" అని కాకినాడ నుంచి ఒక తండ్రి అడిగారు.

సార్, మీ టెన్షన్ అర్థమైంది. కానీ ఆ సబ్జెక్టు మీ ఊరి ముందున్న సముద్రానిదే. నీటి అణువులు పంజరంలా అల్లుకుని లోపల మీథేన్‌ని బంధిస్తే అదే హైడ్రేట్, చూడ్డానికి మంచుగడ్డే. ఒక ఘనపు మీటరు కరిగితే దాదాపు 160 ఘనపు మీటర్ల గ్యాస్ వస్తుంది. 2006లో జాయిడెస్ రిజల్యూషన్ నౌక కృష్ణా-గోదావరి బేసిన్‌లో తవ్వినప్పుడు ఒకచోట వంద మీటర్లు దాటిన మందాన హైడ్రేట్ కనబడింది, అదీ ఇసుకలో కాదు, బంకమట్టిలో. ఆ మట్టిరేణువుల మధ్య ఖాళీలు మరీ సన్నం కాబట్టి అక్కడ గడ్డకట్టడం కష్టం, అందుకని పగుళ్లలోకి చేరి పలకలుగా, ముద్దలుగా పేరుకుంటుంది.

అసలు చిక్కు గ్యాస్ తీసేటప్పుడు వస్తుంది. మన నల్లరేగడిని వానకి ఉబ్బించి ఎండకి నెర్రెలు తీయించే స్మెక్టైట్ అనే బంకమట్టి ఖనిజం ఉంది చూశారూ, ఈ రెండు నదులూ దాన్నే సముద్రంలోకి మోసుకెళ్తాయి. హైడ్రేట్‌లో ఉప్పు ఇమడదు, కాబట్టి అది కరిగితే వచ్చేవి మంచినీళ్లు. అవి తగిలితే చుట్టూ ఉన్న నీటిలో ఉప్పు తగ్గి స్మెక్టైట్ ఉబ్బుతుంది, సన్నరేణువులు ఊడి దారులు మూసేస్తాయి, గ్యాస్ బయటికి రావడం తగ్గిపోతుంది. మీ అమ్మాయి పట్టుకున్న ప్రశ్న చిన్నది కాదు.

ఇక ఉద్యోగం సంగతి. హైడ్రేట్ గ్యాస్ ఇంకా ఎక్కడా వ్యాపారస్థాయికి రాలేదు. 2013లో జపాన్ చేసిన పరీక్ష బావిలోకి ఇసుక వచ్చిపడి ఆరు రోజులకే ఆగింది. 2017లో చైనా, దక్షిణ చైనా సముద్రంలోని షెన్హు దగ్గర బంకమట్టి కలిసిన ఒండ్రులోంచి 60 రోజులు తీసింది, అయినా అదీ పరీక్షే. అందుకే ఒక్క హైడ్రేట్‌నే నమ్ముకోవద్దనండి, క్లే మినరాలజీ, అంటే బంకమట్టిలో ఏ ఖనిజాలున్నాయో తేల్చే పని, చేతికి రావాలి. రెండు మైక్రాన్ల లోపు రేణువుల్ని నీళ్లలో వేరుచేసి, గాజు స్లైడు మీద ఆరబెట్టి ఎక్స్‌ఆర్‌డీలో, అంటే ఎక్స్‌రేలతో ఖనిజాన్ని గుర్తుపట్టే యంత్రంలో, చూస్తారు. అదే స్లైడుకి ఇథిలీన్ గ్లైకాల్ ఆవిరి పట్టించి మళ్లీ చూసినప్పుడు 14, 15 ఆంగ్‌స్ట్రామ్‌ల (ఖనిజం పొరల మధ్య దూరానికి కొలత) దగ్గరున్న పీక్ 17కి జరిగితే ఉబ్బే స్మెక్టైట్, 10 దగ్గర కదలకుండా ఉండేది ఉబ్బని ఇల్లైట్ ఖనిజం. ఇది నమ్మకంగా చేయగలిగినవాళ్లు బావి తవ్వేటప్పుడు లోపలికి పంపే డ్రిల్లింగ్ మడ్ తయారీకి, ఆయిల్ బావుల్లోంచి తీసిన రాతి, మట్టి నమూనాల (కోర్) పరీక్షలకి, డ్యాములు, టన్నెళ్ల పునాది పరిశీలనకి కూడా కావాలి.

పరిశోధన సంస్థల్లో హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ (భూభౌతిక శాస్త్రం), గోవా ఎన్‌ఐఓ (సముద్ర శాస్త్రం), చెన్నై ఎన్‌ఐఓటీ (సముద్ర సాంకేతికత) చూడమనండి. చేరేముందు గైడ్‌ని మొహమాటపడకుండా అడగాలి: కోర్ శాంపిల్స్ చేతిలో ఉన్నాయా, ఎక్స్‌ఆర్‌డీ మీ దగ్గరే ఉందా, ఇంకోచోట వంతు కోసం కాచుకోవాలా? దానితోపాటే గేట్ జియాలజీ, జీఎస్‌ఐ (భారత భూగర్భ సర్వే సంస్థ) ఉద్యోగాల కోసం యూపీఎస్సీ జియోసైంటిస్ట్ పరీక్ష కూడా రాయనివ్వండి. ఫెలోషిప్ లేకుండా పీహెచ్‌డీలో చేరడానికి మాత్రం నేను ఒప్పుకోను సార్, ఫెలోషిప్ ఇచ్చే నెట్ పరీక్ష ఏడాదికి రెండుసార్లు పెడతారు, ఈసారి జేఆర్‌ఎఫ్ (ఆ ఫెలోషిప్) రాకపోతే మళ్లీ రాయమనండి.