స్టడ్ల ఫెటీగ్ గురించి రాస్తున్న నీకు

చిరంజీవికి ఆశీస్సులు.

షియర్ స్టడ్ల ఫెటీగ్ మీద, అంటే స్టీల్ గర్డర్‌కూ దాని పైనున్న కాంక్రీటు పలకకూ మధ్య షియర్‌ను (ఒకదాని మీద ఒకటి జారించే కోత బలాన్ని) మోసే పొట్టి కడ్డీలు పదేపదే పడే భారానికి అలసి తెగడం మీద, నువ్వు పంపిన వ్యాసం చదివాను. మొదటి పేజీ నిండా నిర్వచనాలే, అవి తీసెయ్. ‘షియర్ ఎక్కువగా ఉండే సపోర్టుల దగ్గరే స్టడ్లు అలసి తెగుతాయి’ అని రాశావు చూడు, ఆ వాక్యాన్ని సరిచేసి అక్కడే వ్యాసం మొదలుపెట్టు. చాలామందిలో ఉన్న అపోహ అదే.

లెక్క చేసి చూపించు. రెండు చివర్లా సపోర్టుల మీద ఆనిన గర్డర్ మీదుగా 100 కిలోన్యూటన్ల చక్రం ఈ కొస నుంచి ఆ కొసకు వెళ్తోందనుకో. సపోర్టు పక్కన షియర్ 0 నుంచి 100 దాకా మారుతుంది. నడిమధ్య −50 నుంచి +50కి తిరగబడుతుంది. గరిష్ఠం సగమే అయినా, మార్పు రెండు చోట్లా 100. ఫెటీగ్ చూసేది ఆ మార్పునే, అంటే రేంజ్‌నే. కేవలం బలం లెక్క చూసుకుని మధ్యలో స్టడ్లను ఎడంగా పెడితే, ఒక్కో స్టడ్ మీద రేంజ్ పెరిగిపోతుంది.

కోడ్ అంకెలు ఆ తర్వాతే. స్టీలు, కాంక్రీటు కలిసిన కట్టడాల యూరోపియన్ ప్రమాణం యూరోకోడ్ 4 ప్రకారం 20 లక్షల సైకిళ్లకు రేంజ్ 90 ఎంపీఏ (చదరపు మి.మీ.కు 90 న్యూటన్లు), 19 మి.మీ. స్టడ్‌కు దాదాపు 25 కిలోన్యూటన్లు. రేంజ్‌కూ ఆయుష్షుకూ గీసే గ్రాఫ్‌కు ‘వాలు 8’ అని రాసి వదిలేయకు. రేంజ్ 10 శాతం పెరిగితే ఆయుష్షు సగానికన్నా తగ్గుతుందని చెప్పు. అప్పుడు అందుతుంది.

పగులు పుట్టే చోటును బొమ్మ గీసి చూపించు. స్టడ్ అడుగున వెల్డ్ కాలర్ (చుట్టూ కరిగి గట్టిపడిన లోహపు కట్టు) ఉంటుంది కదా, పగులు కాలర్‌కూ కాడకూ మధ్యన మొదలవుతుంది, లేదా కాలర్‌కూ ఫ్లాంజ్‌కూ (స్టడ్ నిలబడే గర్డర్ పట్టీకి) మధ్యన. రెండోది ఫ్లాంజ్‌లోకి దిగగలదు. మధ్యలోనూ సపోర్టులున్న కంటిన్యువస్ గర్డర్‌లో లోపలి సపోర్టు మీద పైఫ్లాంజ్ లాగుడులో ఉంటుంది కాబట్టి అక్కడ నాకు దీని భయమే ఎక్కువ. యూరోకోడ్ అక్కడ స్టడ్‌నూ ఫ్లాంజ్‌నూ విడివిడిగా చూసి ఊరుకోదు, ఒక్కోదాని మీద పడే రేంజ్‌ను అది తట్టుకోగల రేంజ్‌తో భాగిస్తే వచ్చే రెండు నిష్పత్తుల మొత్తం 1.3 దాటకూడదంటుంది. నీ వ్యాసంలో ఈ ముక్కే లేదు.

వెల్డింగ్‌కు ఒక పేరా చాలు: ఫెర్రూల్ (వెల్డ్ చుట్టూ పెట్టే పింగాణీ రింగు) తడిసినా, ఫ్లాంజ్ మీద తుప్పో పెయింటో ఉన్నా కాలర్ చుట్టూ నిండదు. అలాంటి స్టడ్‌ను లోపానికి ఎదురు దిక్కుకు 15 డిగ్రీలు వంచి పరీక్షిస్తారు.

పుష్‌ఔట్ పరీక్షల్లో, అంటే చిన్న నమూనాలో స్టడ్లను తోసి చూసే పరీక్షల్లో, వచ్చిన ఆయుష్షును నేరుగా గర్డర్‌కు అంటగట్టావు. గర్డర్‌లో ఒక స్టడ్ బలహీనపడితే పక్కవి భారం పంచుకుంటాయి, అందుకే అక్కడ ఆయుష్షు సాధారణంగా ఎక్కువ వస్తుంది. ఆ పేరా తిరగరాసి పంపు.