లయన్స్ పరుగు గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

డెట్రాయిట్ లయన్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. డెట్రాయిట్ చుట్టుపక్కల నోవై, ట్రాయ్, కాంటన్ వైపు మనవాళ్లు ఇంతమంది ఉన్నారు. ఆదివారం లయన్స్ ఆట చూస్తారు, సోమవారం ఆఫీసులో దాని గురించే మాట్లాడుకుంటారు. డెట్రాయిట్ రన్నింగ్ బ్యాక్‌ల మీద, అంటే బంతి పట్టుకుని పరుగెత్తేవాళ్ల మీద, తెలుగులో ఇంత ఇష్టంగా రాసిన కుర్రాణ్ణి మాత్రం నిన్నే చూశాను. అందుకే వివరంగా రాస్తున్నాను.

మొదటి పేజీ నిండా అంకెలు పెట్టావు. 2024లో జమీర్ గిబ్స్‌కి 1,412 యార్డులు, 16 పరుగు టచ్‌డౌన్లు (బంతితో పరుగెత్తి చివరి గీత దాటడం); డేవిడ్ మాంట్‌గోమరీకి 775, 12. అన్నీ సరైనవే. కానీ చదివాక ఆ ఇద్దరూ నాకు కనపడలేదు. గిబ్స్ బంతి అందుకుని ఒక్క క్షణం తమాయించుకుంటాడు, సందు కనపడగానే మాయమవుతాడు. ఆ తమాయింపు రాయి. మాంట్‌గోమరీని ఒక్కడు పట్టుకుంటే పడడు. మూడో డౌన్ (మూడో ప్రయత్నం), ఇంకా రెండు యార్డులు కావాలి, బంతి అతనికే ఇస్తారని స్టేడియం మొత్తానికి తెలుసు. అయినా నలుగురి మధ్య కాళ్లు ఆడిస్తూనే మూడు యార్డులు తెస్తాడు. అలాంటి పరుగును టీవీలో మళ్లీ చూపించరు, నువ్వు చూపించాలి. అభిమానులు వీళ్లకి సానిక్, నకుల్స్ అని వీడియో గేమ్ పేర్లు ఎందుకు పెట్టుకున్నారో అప్పుడు పాఠకుడికి దానంతట అదే తెలుస్తుంది.

గుంటూరులో కూర్చుని చదివేవాడికి డౌన్ అంటే తెలియదు. నాలుగు ప్రయత్నాల్లో పది యార్డులు దాటాలి అని ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు వెళ్లు. పేజీలు ఖర్చు పెట్టకు.

ఒక్కో ప్లే రెండుసార్లు చూడటం అలవాటు చేసుకో. మొదటిసారి బంతిని వదిలేసి లైన్‌ని, అంటే ముందు నిలబడి ఎదుటివాళ్లను అడ్డుకునే వరుసని చూడు. పెనే సూయెల్ అంత మనిషి పక్కకు పరిగెత్తి వెళ్లి ఎదుటివాణ్ణి నెట్టేస్తే గానీ గిబ్స్‌కి దారి ఉండదు. మధ్యలో ఫ్రాంక్ రాగ్నో ఎన్నో గాయాలతో ఆడి, 2025లో 29 ఏళ్లకే ఆట మానేశాడు. నీ వ్యాసంలో వీళ్ల పేర్లే లేవు. రన్నింగ్ బ్యాక్‌ని ప్రేమించేవాడు వీళ్లను మర్చిపోతే నాకు బాధగా ఉంటుంది.

లయన్స్ పాత రన్నింగ్ బ్యాక్ బారీ శాండర్స్‌ని రెండుసార్లు తెచ్చావు, రెండుసార్లూ గిబ్స్‌ని పొగడటానికే. ఆయన్ని కొలబద్దగా వాడకు. 1997లో మొదటి రెండు ఆటల్లో ఆయన పరుగెత్తింది మొత్తం 53 యార్డులు. మిగతా 14 ఆటల్లో సరిగ్గా 2,000. వెనక్కి పోయిన పరుగులు కూడా ఆయనకి చాలా ఉన్నాయి. ఒక యార్డు పోగొట్టుకుని, మళ్లీ ఒక యార్డు పోగొట్టుకుని, తర్వాతి బంతికి చివరి గీత దాటి ఎండ్ జోన్‌లోకి వెళ్లేవాడు. టచ్‌డౌన్ కొట్టి బంతి రిఫరీ చేతిలో పెట్టి వచ్చేసేవాడు. ఆయన ఆడిన పది సీజన్లలో జట్టు ప్లేఆఫ్స్‌లో (సీజన్ చివరి నాకౌట్ ఆటల్లో) గెలిచింది ఒక్కసారే. 1999లో, మొత్తం కెరీర్ పరుగు యార్డుల్లో వాల్టర్ పేటన్ రికార్డుకి 1,457 యార్డుల దూరంలో ఉండగా వెళ్లిపోయాడు. ఆ తర్వాత 2024 జనవరిలో రామ్స్‌ని 24-23తో ఓడించేదాకా ఈ ఊరికి ప్లేఆఫ్ గెలుపే లేదు. ఇప్పుడు లయన్స్ స్టేడియం ఫోర్డ్ ఫీల్డ్ బయట ఆయన విగ్రహం దగ్గర తండ్రులు పిల్లల్ని నిలబెట్టి ఫొటోలు తీస్తారు. ఇదంతా మోసుకుని వచ్చిన జనం గిబ్స్‌ని ఎలా చూస్తారో, అది రాయి.

శాన్‌ఫ్రాన్సిస్కో జట్టు చేతిలో ఓటమిని గిబ్స్ మీదే వేశావు, అక్కడ నీతో నేను ఒప్పుకోను. మొదటి సగం అయ్యేసరికి 24-7 ఆధిక్యం, చివరికి 34-31తో ఓటమి. రెండో సగంలో బంతి చేతులు మారేటప్పుడు జారిపోయిన మాట నిజమే, అది గిబ్స్ ఖాతాలోనే పడింది. కానీ అదే సగంలో రిసీవర్లు (పాసులు అందుకునేవాళ్లు) వదిలేసిన పాసులున్నాయి, కోచ్ కాంప్‌బెల్ నాలుగో డౌన్‌లో బంతిని తన్నించకుండా చేసిన సాహసాలున్నాయి. మొదటి ఏడాది ఆడుతున్న కుర్రాడి మీద అంతా వేయకు. కోపం ఉంటే రాయి, కానీ వరసగా ఏం జరిగిందో పూర్తిగా చెప్పాక రాయి.

ఇప్పుడు వ్యాసం మొత్తం తిరగరాయకు. 2025 జనవరి 5న వైకింగ్స్ మీద గిబ్స్ నాలుగు టచ్‌డౌన్లు చేశాడు కదా, మాంట్‌గోమరీ మోకాలి గాయంతో బయట ఉన్న రోజు. అందులో ఒక్కదాన్ని తీసుకుని, బంతి కదిలినప్పటి నుంచి అతను గీత దాటేదాకా రెండు పేజీలు రాసి పంపు. చదివి, వెంటనే ఫోన్ చేస్తాను.

ప్రేమతో,
మీ అన్నయ్య