ఫీజు లేకపోయినా శిక్షణకు ఎందుకు రావడం లేదు?

నమస్కారమండీ. ఫీజంతా ప్రభుత్వమే కడుతున్నా తక్కువ చదువుకున్న కార్మికులు శిక్షణకు రావడం లేదు, విధాన పత్రంలో ఏం సూచించాలి అని అడిగారు.

ముందు సమయం సంగతి చూడండి. రోజంతా పనిచేసి, ఇంటికొచ్చి పిల్లల్ని చూసుకునే మనిషికి ఫీజు మాఫీ ఒక్కటే సరిపోదు. క్లాసుకు వెళ్లిన రోజు జీతం పోతుందన్న టెన్షన్ తీరాలి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1974లోనే జీతంతో కూడిన చదువు సెలవుపై 140వ ఒడంబడికను ఆమోదించింది. మీ పత్రంలో ఇదే మొదటి అంశం కావాలని గట్టిగా నమ్ముతున్నాను. చిన్న సంస్థలకైతే ఆ సెలవు రోజుల జీతంలో కొంత ప్రభుత్వం తిరిగి ఇవ్వాలి. లేకపోతే ఏ యజమానీ మనస్ఫూర్తిగా పంపడు.

డబ్బు కూడా అందరికీ సమానంగా పంచకండి. ఫ్రాన్స్‌లో ఒక్కో కార్మికుడి పేరిట శిక్షణ ఖర్చుల కోసం ఉండే ఖాతాలో మామూలుగా ఏడాదికి 500 యూరోలు జమైతే, తక్కువ అర్హతలున్నవారికి 800 జమవుతాయి.

శిక్షణ ఇచ్చేవాళ్లను తనిఖీ చేశాకే చెల్లింపులు చేయాలని కూడా రాయండి. ఇంగ్లండ్‌లో 2000లో ఇలాంటి ఖాతాలు మొదలై, మోసాలు బయటపడి 2001లోనే మూతపడ్డాయి.

రాసే ముందు, చేరనివాళ్లు ఓ పదిమందితో తప్పకుండా మాట్లాడండి. చేరినవాళ్లను మాత్రమే అడిగితే అసలు అడ్డంకి తెలియదు.