భోపాల్ గ్యాస్ ప్రమాదం అయిపోయాక పుట్టిన పిల్లలకు దాంతో ఏం సంబంధం?

చాలానే ఉంది. 1984 డిసెంబర్ 2 అర్ధరాత్రి యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీ నుంచి లీకైన మిథైల్ ఐసోసయనేట్ అనే విషవాయువు గాలిలో కలిసిపోయింది. కానీ ఆవరణలో ఏళ్ల తరబడి పారబోసిన, పాతిపెట్టిన వ్యర్థాలు భూమిలోకి ఇంకి, పక్క బస్తీల భూగర్భ జలాల్లో చేరాయి. ఆ రాత్రి గ్యాస్ పీల్చని పిల్లలు ఆ నీళ్లు తాగి పెరిగారు. చేతిపంపులకు ఎర్రరంగు వేసి ‘తాగరాదు’ అని రాశారు. బాగానే ఉంది, మరి ఏం తాగాలి? మంచినీళ్లు ఇవ్వమని 2004లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది.

బీమా సంగతి మరీ ఘోరం. గ్యాస్ పీల్చినా అప్పటికి జబ్బు లక్షణాలు కనిపించనివాళ్లు, బాధిత తల్లులకు తర్వాత వైకల్యంతో పుట్టే పిల్లలు, అందరూ కలిపి కనీసం లక్షమందికి వైద్య బీమా కల్పించాలని 1991లో సుప్రీంకోర్టు చెప్పింది. కేంద్రం అసలు పాలసీలే తీసుకోలేదని 2023లో అదే కోర్టు తప్పుబట్టింది. అప్పటికి ఆ పిల్లల్లో చాలామందికి పెళ్లీడు కూడా దాటిపోయింది!

వైకల్యంతో పుట్టిన పిల్లలకు ఫిజియోథెరపీ, స్పీచ్ థెరపీ ఉచితంగా ఇస్తున్న చింగారీ ట్రస్ట్ సర్కారుది కాదు. గ్యాస్ బాధితులైన రషీదా బీ, చంపాదేవి శుక్లా పర్యావరణం కోసం పోరాడేవాళ్లకు ఇచ్చే గోల్డ్‌మన్ పురస్కారం కింద తమకు వచ్చిన డబ్బుతో పెట్టారు.